ఉదయగిరి దారిలో ఎర్రపూల చెట్లు

ఆత్మకూరునుండి ఉదయగిరికి వైశాఖమాసమున ఒకమారు ప్రయాణము చేసినవారు రెండు విషయములను మరువజాలరు. ఒకటి ఎండ. రెండవది ఆ ఎండలో, చుట్టుపట్ల పచ్చదనమంతయు మాడియున్న వేళ, బడుల ఆవరణలయందును కచేరీల ముంగిళ్ళయందును నిప్పు రాజుకొన్నట్లు పూచి నిలిచియుండు తురాయిచెట్లు. ఆకు కనబడదు, కొమ్మ కనబడదు, కనుచూపు మేరకు ఎరుపే. ప్రక్కనున్న ప్రయాణికుడు ఎంతటి నిద్రలో నున్నను ఆ చెట్టు ఎదురైనచోట ఒక్కమారు తల త్రిప్పి చూడక మానడు.

చాల ఏండ్ల క్రిందట నేను ఆ సీమలో ఉపాధ్యాయుడుగ ఉండగా, పిల్లలను వెంటబెట్టుకొని ఉదయగిరి కొండ చూపింపబోయితిని. కొండ దిగువన విరియబూచిన తురాయి నీడలో అన్నపు మూటలు విప్పితిమి. అపుడొక బాలుడు, "అయ్యవారూ! ఈ మాను రాయలకాలం నాటిదేనా?" అని అడిగెను. నేను క్షణమైనను ఆలోచింపక, "అవును నాయనా, రాయలవారి దండు ఈ చెట్ల నీడలోనే దిగి ఉంటుంది" అని చెప్పితిని. పిల్లలందరును తల లెత్తి ఆ పూలవంక భక్తితో చూచిరి. నాకును ఎంతో తృప్తి కలిగినది.

నేను చెప్పినది పూర్తిగ తప్పు. ఆ సంగతి నాకు తెలియుటకు చాలకాలము పట్టినది. శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరిని గెలుచుకొన్నది 1514లో. తురాయిచెట్టు ఒకటి కలదని వృక్షశాస్త్రగ్రంథములు మొట్టమొదట ప్రకటించినది 1829లో. నడుమ 315 సంవత్సరములున్నవి. ఆనాటి ఉదయగిరిలోనే కాదు, భారతదేశమందెచ్చటను తురాయి పూచినదనుటకు ఆధారము లేదు. ఆ పిల్లలలో ఎందరు ఆ అబద్ధమును తమ పిల్లలకు చెప్పిరో! చరిత్రలో రాజుల తేదీలు తప్పు చెప్పిన వానిని మనము వెంటనే పట్టుకొందుము. చెట్ల తేదీలు తప్పు చెప్పినను ఎవరును అడుగరు. కాని చెట్లకును చరిత్ర కలదు. ఉదయగిరి, ఆత్మకూరు సీమలలోని ఎర్రపూల చెట్లను ఆధారముగ గొని ఆ చరిత్రను కొంత మనవి చేయుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

ముందుగ ఆ సీమను గూర్చి నాలుగు మాటలు. నెల్లూరు జిల్లా అనగానే పలువురకు వరిచేలు, సముద్రతీరము తలపునకు వచ్చును. అది తూర్పు భాగము. పడమట వెలిగొండలు ఉత్తర దక్షిణములుగ గోడవలె నిలిచియున్నవి. సోమశిలకడ ఆ గోడను చీల్చుకొని పెన్న మైదానమునకు దిగును. ఆ నదికి దాపున ఆత్మకూరు. ఉత్తరముగ, కొండల నడుమ ఉదయగిరి. ఇది మెట్ట ప్రాంతము. వానలు తక్కువ, చెరువులే ఆధారము. ఉదయగిరి దుర్గపు శిఖరము 3,079 అడుగుల ఎత్తున ఉన్నది. 14వ శతాబ్దిలో, విజయనగర రాజ్యమును స్థాపించిన హరిహరుని తమ్ముడు కంపన ఉదయగిరినుండి ఈ తూర్పు సీమలను పాలించెను. 15వ శతాబ్దిలో దుర్గము ఓఢ్ర గజపతుల వశమైనది. పిమ్మట రాయలు, ఆ పిమ్మట గోలకొండ కుతుబ్షాహీలు, ఆర్కాటు నవాబులు, చివరకు ఆంగ్లేయులు. ఇన్ని ప్రభుత్వములు మారిన చోట వారి వారి చిహ్నములు మిగులుట సహజము. దేవాలయములున్నవి, మసీదులున్నవి, కూలిన బురుజులున్నవి. చెట్లును అట్టి చిహ్నములే. అయితే రాళ్ళమీద శాసనములుండును, చెట్లమీద ఉండవు. చెట్టు వయస్సును మరియొక విధముగ తెలిసికొనవలెను.

రాయలవారి కాలమున ఉదయగిరి సీమలో ఎర్రపూల చెట్లు లేవా? ఉండెను. వానిలో మొదట చెప్పవలసినది మోదుగ. మాఘమాసాంతమున ఆకు రాల్చి, ఫాల్గుణమున మోడువారిన కొమ్మలనిండ నారింజ కలిసిన ఎరుపురంగు పూలు పూయును. పూవు వంకర తిరిగి చిలుకముక్కువలె నుండును. అందుచేతనే సంస్కృతమున దీనికి కింశుకమని పేరు వచ్చినదందురు; "ఇది చిలుకయా ఏమి?" అని ఆ మాటకు అర్థము చెప్పుదురు. పలాశమనునదియు దీని పేరే. పూవునకు వాసన లేదు. అందుకే అందముండి గుణము లేని వానిని మోదుగపూవుతో పోల్చుట మన కవులకు అలవాటైనది. యుద్ధములో గాయపడి నెత్తురోడుచున్న వీరులను పూచిన కింశుకములతో పోల్చుట ఇతిహాసములనాటినుండి వచ్చుచున్న పరిపాటి.

ఆ పోలిక ఉదయగిరికి ఎంత తగునో గమనింపుడు. రాయల ముట్టడి సుమారు ఏడాదిన్నర సాగినది. కొండ నిటారుగ నుండుటచే దారులు లేవు. రాయలు బండలను పగులగొట్టించి, కొండను తొలిపించి, సేనలు ఎక్కుటకు బాటలు వేయించెనని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసియున్నాడు. కోట 1514 జూన్ మాసమున లొంగినది. గజపతి ప్రతాపరుద్రుని పినతండ్రి తిరుమల రౌతురాయలు బందీ అయ్యెను. అనగా 1514వ సంవత్సరపు ఫాల్గుణ చైత్రములు ఆ ముట్టడిలోనే గడిచినవన్నమాట. కొండ క్రింద గుడారములలో నున్న కన్నడ తెలుగు సైనికులకు, కొండమీద ఆకలికోర్చిన ఓఢ్ర సైనికులకు ఆ వసంతమున కనబడిన ఎరుపు తురాయి ఎరుపు కాదు; ఆ అడవులలో పూచిన మోదుగ ఎరుపే అయి యుండవలెను. విజయానంతరము రాయలు ఉదయగిరినుండి బాలకృష్ణుని విగ్రహమును కొనిపోయి హంపిలో ఆలయము కట్టించి 1515లో ప్రతిష్ఠ చేయించెను. ఆ విగ్రహము నేడు చెన్నపట్టణపు ప్రభుత్వ ప్రదర్శనశాలలో నున్నది. విగ్రహము తరలిపోయినది; మోదుగ మాత్రము కొండను విడువలేదు.

మోదుగ అలంకారమునకు నాటిన చెట్టు కాదు. అయినను మన ఇండ్లలో దానికి దక్కిన స్థానము మరి ఏ పూలచెట్టునకును దక్కలేదు. మోదుగ ఆకులు మూడేసి గుత్తిగ పుట్టును. వానిని పుల్లలతో కుట్టి విస్తర్లు చేయుదురు. పెండ్లి పంక్తులలో మన తాతలు భుజించినది ఆ విస్తళ్ళయందే. పూలను నీటిలో మరగించిన పసుపు నారింజ కలిసిన రంగు దిగును. వసంతోత్సవములలో చల్లుకొన్నది ఆ రంగునీళ్ళనే. ఉపనయనమున వటువు చేత పట్టించునది పలాశదండము. కొమ్మలమీద లక్క పురుగులు చేరి లక్క నిచ్చును. బెరడునుండి కారు ఎర్రని బంక ఔషధముగ పనికివచ్చును. చౌడునేలలోను, నీరు నిలుచు చోటులలోను గూడ మొండిగ బ్రతుకును. ఇన్ని గుణములున్న చెట్టును వాసన లేదని కవులు ఎగతాళి చేసినారనుకొన్న కొంచెము జాలి కలుగును.

ఈ మోదుగయే మన దేశ చరిత్రలో మరియొక యుద్ధరంగమునకు పేరు పెట్టినది. 1757లో క్లైవు సిరాజుద్దౌలాను ఓడించిన వంగదేశపు పలాశీ గ్రామము పలాశ వృక్షముల పేర వెలసినదే. పాశ్చాత్య వృక్షశాస్త్రమున దీనికి పేరు కుదిరిన కథలోను తెలుగుగడ్డకు భాగమున్నది. లిన్నేయసు శిష్యుడైన కోనిగ్ పండితుడు 1768లో తరంగంబాడికి వచ్చి, కోరమాండలు తీరమంతయు మొక్కలను వెదకుచు తిరిగి, 1785లో కాకినాడ సమీపమున జగన్నాథపురములో మరణించెను. ఆయన తరువాత ఆ పనిని కొనసాగించినది సామర్లకోటలో తోట వేసిన విలియం రాక్స్‌బరో. వీరిరువురి కృషివలన మోదుగకు బ్యూటియా అను శాస్త్రనామము వచ్చినది. ఇంగ్లండు మంత్రియై మొక్కలపై మక్కువ చూపిన బ్యూట్ ప్రభువు పేరది. రాక్స్‌బరో 1795నుండి ప్రకటించిన కోరమాండలు మొక్కల గ్రంథపు మొదటి సంపుటములోనే మోదుగ రంగుబొమ్మతో చోటు చేసికొన్నది. ఆయన తన వర్ణనలలో మొక్కల తెలుగు పేర్లను గూడ చేర్చుట మనకు గర్వకారణము.

మోదుగకు తోడు మరి రెండు చెట్లు కలవు. ఒకటి బూరుగ. చలికాలపు చివర ఆకులన్నియు రాలిన పిమ్మట, దళసరి రేకులతో అరచేయంత పూలు పూయును. కాయ పగిలిన దూది దిండ్లకు పనికివచ్చును. రెండవది బాడిద. కొందరు బాడిస యందురు. ముండ్ల కొమ్మలు, పగడమువంటి ఎర్రపూల గెలలు. మోదుగ, బూరుగ, బాడిద - ఈ మూడును ఆకు రాల్చి పూయును. ఈ మూటి పూలలోను తేనె సమృద్ధిగ నుండును. ఎండాకాలము ముంగిట నీరు దొరకని వేళ గోరువంకలు, కాకులు, తేనెపిట్టలు ఈ చెట్ల చుట్టు చేరును. ఆ పక్షులే పుప్పొడిని ఒక పూవునుండి మరియొక పూవునకు చేర్చును. ఎరుపు రంగు తేనెటీగల కంటికి అంతగ ఆనదు. పక్షుల కంటికి దూరమునుండియే ఆనును. కావున ఈ ఎరుపు మన కనుల పండువు కొరకు పుట్టినది కాదు. పిట్టలకు పంపిన పిలుపు. ఇక ఎర్రచందనము పేరు విని దాని పూలును ఎర్రగ నుండుననుకొనువారున్నారు. వెలిగొండల కీర్తికి కారణమైన ఆ వృక్షపు మాను ఎరుపేగాని పూలు పసుపు.

ఏ చెట్టు పాతదో, ఏది క్రొత్తదో తెలిసికొనుటకు ఊళ్ళ పేర్లు, ఇంటి పేర్లు గొప్ప ఆధారము. ఆత్మకూరుకు పడమట మర్రిపాడు కలదు. పేరులోనే మర్రి యున్నది. చింత, వేప, రావి, మామిడి పేర్లు గల పల్లెలు తెలుగునాట లెక్కకు మిక్కిలి. బూర్గుల అను ఊరు కలదు. ఆ ఊరి పేరే ఇంటిపేరుగ గల బూర్గుల రామకృష్ణారావుగారు 1952నుండి 1956వరకు హైదరాబాదు రాష్ట్రమునకు ముఖ్యమంత్రిగ నుండిరి. మోదుగుల అను ఇంటిపేరు కలవారును ఉన్నారు. తురాయి పేర వెలసిన పాత గ్రామమును గాని, ఇంటిపేరును గాని నేనెరుగను. ఊళ్ళకు పేర్లు పెట్టిన కాలమున ఆ చెట్టు మన మధ్య లేదనుటకు ఇంతకన్న ఏమి కావలెను?

మన పూర్వులు చెట్లు నాటలేదా యన్నచో, మిక్కుటముగ నాటిరి. కొడుకు, చెరువు, గుడి, కావ్యము మున్నగువానితోపాటు వనమును గూడ సప్తసంతానములలో చేర్చిరి. తోపు వేయించుట సంతానమును కనుటతో సమానమని వారి నమ్మకము. కాని వారు నాటినవి నీడనిచ్చునవి, పండ్లనిచ్చునవి: మామిడి, చింత, మర్రి, రావి. ఆంగ్లప్రభుత్వకాలమున బాటల ప్రక్క చెట్లను పెంచు బాధ్యత జిల్లాబోర్డులవంటి స్థానిక సంస్థలపై బడినది. అవియు చింత, మర్రి, వేప, కానుగలనే ఎక్కువగ పెంచినవి. చింతకాయలను ఏటేట వేలము వేసి ఆ సొమ్ము ఖర్చులకు వాడుకొనెడివారు. కేవలము కంటికి ఇంపుగ నుండుటకు చెట్టును నాటుట మన పల్లెలకు కొత్త ఊహ. ఆ ఊహతోపాటు వచ్చినదే తురాయి.

నెల్లూరు జిల్లా శాసనములను సంపుటములుగ కూర్చి 1905లో ప్రకటించిన ఇరువురిలో ఒకరైన అలన్ బటర్‌వర్త్ అను దొర, 1911లో మదరాసు చెట్లపై ఒక పుస్తకమును ప్రచురించెను. వి. వేణుగోపాల చెట్టిగారితో కలిసి రాళ్ళపై వ్రాతలు చదివించిన మనుష్యుడే చెట్లవంకను చూచినాడు. చరిత్రకారునకు ఈ రెండు కనులును అవసరమని ఆయన ఉదాహరణ చెప్పుచున్నది. నేను బాలునకు సమాధానము చెప్పిననాడు నాకు రెండవ కన్ను లేకపోయినది.

ఇక తురాయి పుట్టుపూర్వోత్తరములు. దీని స్వదేశము ఆఫ్రికాకు తూర్పున హిందూమహాసముద్రములోనున్న మడగాస్కరు. ఆ దీవికి పడమటను ఉత్తరమునను ఎండకు ఆకురాల్చు అడవులున్నవి. మన వెలిగొండలవలెనే వానకరువు గల సీమలవి. బొహీమియాలో 1795లో జన్మించి మారిషసులో స్థిరపడిన బోజరు అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు మడగాస్కరులో దీనిని గుర్తించెను. ఆయన ఇచ్చిన వివరములను ఆధారముగ గొని 1829లో విలియం హుకరు తన వృక్షశాస్త్ర పత్రికలో దీనిని పాయిన్సియానా రీజియా అను పేర ప్రకటించెను. రీజియా యనగా రాజసము గలది. తరువాత కొన్ని ఏండ్లకు రఫినెస్కు అను పండితుడు రేకుల అడుగున గోరువంటి పొడవైన తొడిమ ఉండుటను గమనించి డెలోనిక్స్ అను క్రొత్త ప్రజాతి నేర్పరచెను. గోరు స్పష్టముగ కనబడునది అని ఆ గ్రీకుమాటకు అర్థము. నేటికిని శాస్త్రజ్ఞులు వాడు పేరు అదియే. విచిత్రమేమనగా, ఈ చెట్టు లోకమంతట తోటలలో పూచుచుండగనే, స్వదేశమునందలి దాని అడవి నెలవులు శాస్త్రజ్ఞులకు 20వ శతాబ్దిలో గాని చక్కగ తెలియలేదు. నేడు ఆ అడవులే బొగ్గులకొరకు, సాగుకొరకు తరిగిపోవుచున్నవి. పరదేశములలో రాజసముగ బ్రతుకు చెట్టుకు పుట్టినింట నిలువనీడ కరవగుచున్నది.

మారిషసు అనగానే తెలుగువారి హృదయము కొంచెము బరువెక్కును. 1834 తరువాత చెఱకుతోటలలో కూలికి మన దేశమునుండి వేలాదిగ జనమును ఓడలలో ఎక్కించి ఆ దీవికి కొనిపోయిరి. వారిలో కోరంగి రేవున ఓడ యెక్కిన తెలుగువారిని అక్కడ కోరంగీలని పిలిచిరి. అదే 19వ శతాబ్దిలో ఆ హిందూమహాసముద్రము మీదుగనే తురాయి విత్తనములు మన దేశమునకు చేరినవి. మనుష్యులు ఇటనుండి అటు పోయిరి. చెట్టు అటనుండి ఇటు వచ్చినది. అక్కడ మనవారు తెలుగును నిలుపుకొని పరదేశమును స్వదేశము చేసికొన్నట్లే ఇక్కడ ఆ చెట్టును స్థిరపడినది. తురాయిని చూచి పరదేశి యని ముఖము త్రిప్పుకొనుటకు ముందు ఈ మాట తలచుకొనుట న్యాయము.

దానికి మనవారు పెట్టిన పేరు మరింత ముచ్చటైనది. తురాయి యనగా తలపాగపై చెక్కు కుచ్చు, రాజులు నవాబులు ధరించు శిరోభూషణము. ఈ మాట మనకు తురకల పాలనలో వచ్చి తెలుగైనది. గోలకొండ ప్రభువుల కాలపు మసీదులున్న ఉదయగిరికి ఈ పేరు క్రొత్తది కాదు. రత్నగంధి యను చిన్న మొక్కను గూడ తురాయి యనుట కలదు. ఉత్తరదేశమువారి గుల్‌మొహర్ అను పేరును నేడు మనకు పరిచితమే. గుల్ అనగా పారసీకమున పూవు. పూవును దగ్గరనుండి చూచినచో ఆ పేర్ల ఔచిత్యము తెలియును. అయిదు రేకులలో నాలుగు నిండు ఎరుపు. అయిదవది కొంచెము పెద్దదై, తెలుపు పసుపులపై ఎర్రచుక్కలు చల్లినట్లుండును. పిల్లలు కేసరములను ఒకదానికొకటి తగిలించి లాగి కోడిపందెములాడుదురు. ఎండిన కాయలు మూర పొడవున కత్తులవలె నుండుటచే వానితో యుద్ధములు చేయుదురు.

తురాయికి మన పల్లెలలో ఒక దాయాది గూడ ఉన్నదని చెప్పిన చాలమంది ఆశ్చర్యపడుదురు. కంచెలలో పెంచి, ఆకును పొలమునకు ఎరువుగను, వాతపు నొప్పులకు కాపడముగను వాడు వాతనారాయణచెట్టు ఆ డెలోనిక్స్ ప్రజాతిలోనిదే. దాని పూలు తెల్లగ విరిసి పసుపుదేరును. అక్కకు గుణము, చెల్లెలికి రూపము దక్కినవన్నమాట.

తురాయి ఇంత త్వరగ వ్యాపించుటకు కారణములు స్పష్టములు. గట్టి గింజను వేడినీట నానవేసి పాతిన చాలు, మొలచును. నాలుగైదేండ్లకే పూతకు వచ్చును. గొడుగువలె కొమ్మలు చాచును. బెట్టకు తట్టుకొనును. ప్రయాణికుల బంగళాలు, కచేరీలు, బడులు, ఆసుపత్రులు - క్రొత్తగ కట్టిన ప్రతి ఆవరణకును అలంకారము కావలసి వచ్చినపుడు ఇంతకన్న సులభమైన చెట్టు దొరకలేదు. 1950లో నాటి కేంద్ర మంత్రి కె.ఎం. మున్షీగారు వనమహోత్సవమును ప్రారంభించిరి. ఏటేట జులైలో దేశమంతట మొక్కలు నాటుట ఆచారమైనది. అదే దశాబ్దిలో ఎం.ఎస్. రంధావాగారు పూలచెట్లతో నగరములను అలంకరింపవలెనని గ్రంథములు వ్రాసి, చండీగఢ్ వీధులలో ఆ ఊహను చేసి చూపిరి. ఆ ఉత్సాహపు గాలి చిన్న చిన్న పట్టణములకును వీచినది. కావున నేడు మనము పురాతనమని భ్రమపడు పెద్ద తురాయిలలో అనేకము మన తాతల కాలమునకు మించినవి కావు. ఈ చెట్టు ఆయుఃప్రమాణమును మర్రివలె శతాబ్దములతో లెక్కింపదగినది కాదు.

గుణములతోపాటు దోషములను చెప్పకున్న నా మాట మరల ఏకపక్షమగును. తురాయి వేళ్ళు లోతుకు పోక నేలపైపైనే పాకును. గోడలను, తిన్నెలను పగులగొట్టును. కలప పెళుసు. గాలివానకు కొమ్మలు విరుగును, ఒక్కొక్కపుడు చెట్టే కూలును. తుపానుల జిల్లా మనది. 1989 నవంబరులో కావలికడ తీరము దాటిన పెనుతుపానును చూచినవారికి కూలిన చెట్ల సంగతి చెప్పనక్కరలేదు. ఇంటికి, విద్యుత్తు తీగలకు ఆనుకొని తురాయిని నాటుట వివేకము కాదు. విశాలమైన బడి మైదానమున, చెరువుగట్టుకు దూరముగ, పదిమంది కూర్చుండు చోట నాటుట వివేకము.

అయితే నాకు అసలు బాధ తురాయిని గూర్చి కాదు, మోదుగను గూర్చి. ఒకప్పుడు పెండ్లి నిశ్చయమైన ఇంట ముందుగ విస్తళ్ళకు పురమాయించెడివారు. ఆకు కోసి, ఎండబెట్టి, కుట్టి, కట్టలు కట్టి అమ్మిన స్త్రీల జీవనము ఆ చెట్టుపై ఆధారపడియుండెను. ఆకుతో పని యుండుటచేత చెట్టును నరుకనిచ్చెడివారు కారు. పిమ్మట కాగితపు పళ్ళెములు, ప్లాస్టిక్కు పళ్ళెములు వచ్చినవి. ఆకుతో పని తీరినది; చెట్టుకు రక్షణయు తీరినది. బీడు చదును చేయువాడు మొదట కొట్టునది మోదుగనే. ఎవడును దానికొరకు వగవడు. ఏలయన అది నాటిన చెట్టు కాదు, తనంతట మొలచినది. బాటలు వెడల్పు చేయునపుడు తురాయి పడిపోయిన ఊరివారు అయ్యో అందురు. వనమహోత్సవమున దానికి బదులు మరియొక తురాయి నాటుదురు. మోదుగ పడిపోయిన అయ్యో అనువాడును లేడు, మరల నాటువాడును లేడు.

నెల్లూరునుండి ఆత్మకూరు మీదుగ బద్వేలువైపునకు పోవు పెద్దబాట నేడు జాతీయ రహదారి. లారీలు పెరిగినవి, బాట వెడల్పు కావలసినదే. చెట్టుకొరకు బాటను ఆపుమని నేను అనను. కాని క్రొత్తగ నాటునపుడు ఏది ఎక్కడ నాటవలెనో ఒక్క నిమిషము ఆలోచింపుమని అందును. ఊరిలో తురాయి యుండుగాక. పిల్లలకు ఆ ఎరుపు వేసవి సెలవులకు జెండా. ఊరు దాటి కొండ సమీపించు చోట, చెరువుల పైభాగపు చౌడు బీళ్ళలో, మోదుగను నాటుదము. గింజ మన ఎదుటనే రాలుచున్నది. పైకము పెట్టి కొననక్కరలేదు. వాగుల ప్రక్క బూరుగ, పొలము గట్టున బాడిద నాటుదము. అపుడు ఉదయగిరి దారిలో ఎరుపు వైశాఖమునకు మాత్రమే పరిమితము కాదు. మాఘమున బూరుగతో మొదలై, ఫాల్గుణమున మోదుగ, ఆ తరువాత తురాయి - ఒకరి తరువాత ఒకరు దీపము అందించుకొన్నట్లు నాలుగు నెలలు వెలుగును. పిట్టలకును మేత దొరకును.

ఆనాడు నన్ను ప్రశ్న అడిగిన బాలుడు ఇపుడు నడివయస్సువాడై యుండును. ఎక్కడ నున్నాడో నేనెరుగను. అతని యింట రేడియో ఉన్నచో, ఈ మాటలు అతని చెవిని బడినచో, నా జవాబును ఇట్లు దిద్దుకొనవలెనని కోరుచున్నాను: నాయనా, మనము అన్నము తిన్న ఆ చెట్టు రాయలనాటిది కాదు. అది సముద్రము దాటి వచ్చి మన ఎండను ఓర్చి మనదైన చెట్టు. రాయలనాటినుండి ఉన్నవాడు కొంచెము పైన, బండల నడుమ, ఆకులేక వంకరగ నిలిచియున్నాడు. ఆ దినమున మనము వానివంక చూడలేదు. ఈసారి నీ పిల్లలను కొండకు తీసికొనిపోవునపుడు, ఫాల్గుణమాసములో పొమ్ము.